మందు అలవాటు లేదన్నాను

ఇంకా పిలవలేదు. లింబాద్రి సారు లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు, ఆ తలుపు కదిలినప్పుడల్లా నా ప్రాణం గొంతులోకి వస్తోంది, ఎందుకంటే ఎవరు బయటికి వచ్చినా నాకు ముందుగా తోచేది ఒక్కటే, నీ కొడుకు లేడమ్మా అంటారని. లేడంటే పారిపోయాడని కూడా కావచ్చు కదా, నా మనసు అటు పోదు, నేరుగా తెల్లగుడ్డ దగ్గరికే పోతుంది. పొయ్యి మీద పాలు పెడితే ఇల్లు అంటుకుంటుందేమో అనుకునే మనిషిని నేను. పిరికిదని ఊరంతా అంటారు. మా ఆయన లస్మయ్య దుబాయి నుంచి శుక్రవారం ఫోన్ చేస్తే మొదట అనే మాట కూడా అదే, ఏందే, ఇయ్యాల దేనికి భయపడుతున్నవ్ అని. ఈసారి నిజంగా భయపడాల్సింది వచ్చింది, దాన్ని మాత్రం ఆయనకు చెప్పలేదు, భూమేశ్ మేనమామ ఇంటికి పోయాడని చెప్పాను. పదహారేళ్ల కొడుకు కామారెడ్డిలో ఊచల వెనక ఉన్నాడని అంత దూరంలో ఉన్న మనిషికి ఏ నోటితో చెప్పను. జైలు అనకూడదు, హోం అనాలి అంటాడు లింబాద్రి సారు, పిల్లల్ని చూసుకునేది ఆయనే కాబట్టి ఆయనకు ఆ మాట బాధ. హోమే కావచ్చు. కిటికీలకు ఊచలైతే ఉన్నాయి, గేటుకు రెండు తాళాలు ఉన్నాయి, గోడ మీద ఎవరో ఎక్కాలు రాసి రంగులు వేశారు, పన్నెండో ఎక్కం సగంలో రంగు అయిపోయినట్టుంది.

ఒళ్లో సంచి బరువుగా ఉంది. జొన్నరొట్టెలు, పుంటికూర, ఒక జత బట్టలు, వాటి మధ్యన స్టీలు క్యాను. క్యానులో కల్లు. పైకి చూస్తే మజ్జిగలాగే ఉంటుంది, ఎవరైనా అడిగితే మజ్జిగ అనే చెప్పాలని ఎల్లారెడ్డి నుంచి దారంతా నోట్లోనే అనుకుంటూ వచ్చాను. సమ్మె వల్ల బస్సులు లేవు, ఆటోలో పదిమందిమి ఒకరి మీద ఒకరం కూర్చుని లింగంపేట దాటి, తాడ్వాయి దాటి వచ్చేసరికి క్యాను మూత రెండుసార్లు ఎగరబోయింది. కల్లు ఊరికే ఉండదు, లోపల పొంగుతూనే ఉంటుంది, మూత కొంచెం వదులు చేసి గాలి తీస్తే ఆ వాసన ఆటో అంతా నిండింది. మా దిక్కు కల్లు వాసనకు ఎవరు ముక్కు మూసుకుంటారు. బతుకమ్మ కోసం తంగేడు పూలు కోసుకుపోయే పిల్లలు రోడ్డు పొడుగునా కనిపించారు, ఎవరి తల్లి చెయ్యి వాళ్లు పట్టుకుని నడుస్తున్నారు, వాళ్లను చూడలేక క్యాను మూత వైపే చూస్తూ వచ్చాను. ఇక్కడ ఈ బల్ల మీద కూర్చున్నాక ఇంకోసారి గాలి తీయాలి, తీస్తే వాసన వస్తుంది, తీయకపోతే మూత ఎగిరి లింబాద్రి సారు కాళ్ల దగ్గర పడుతుంది, అప్పుడు కొడుకుతో పాటు తల్లిని కూడా లోపల వేస్తారు.

మొన్న లింబాద్రి సారే ఫోన్ చేశాడు. నీ కొడుకు పరేషాన్ జేస్తున్నడు, అన్నం తింటలేడు, చేతులు కాళ్లు కొట్టుకుంటున్నడు, ఏదేదో మాట్లాడుతున్నడు, నాలిక కొరుక్కున్నడు అన్నాడు. పక్క పిల్లలు దయ్యం పట్టిందని దూరం జరిగి పడుకుంటున్నారట. నాకైతే యాక్టింగే అనిపిస్తుందమ్మా, బయటవడనీకి గిట్ల జేసేటోళ్లను మస్తుమందిని చూసిన అన్నాడు, అన్నా ఆయన గొంతులో కూడా కొంచెం భయం ఉంది. ఆదివారం డాక్టరమ్మ వస్తది, ఆమె చూసి చెప్తది, నిజంగానే పిచ్చి అయితే హైదరాబాద్ పిచ్చి దవాఖానకు పంపుతరు, యాక్టింగ్ అయితే అదే రాసి పైకి పంపుతరు, ఇగ ఇప్పట్లో ఇడిచిపెట్టరు. రెండే దారులు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నాకు మూడోది కనిపించింది, రెండింటికంటే ముందు వచ్చేది. ఫిట్సు వచ్చి, పక్కన ఎవరూ లేక, నా బిడ్డ నాలుక మడతపడి.

అలా అనుకోకూడదు. అనుకుంటే జరుగుతుందంటారు. వాడు చేసిన తప్పు ఎంతని, ఇద్దరు పెద్ద పోరగాళ్ల వెంట పోయి బోరుబావి మోటార్ల రాగి తీగ కోశాడు, పెద్దవాళ్లు ఉరికారు, వీడు ఉరకలేక దొరికాడు. చిన్నప్పటి నుంచీ వీడు ఉరకలేడు. ఆటల్లో కూడా మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు మూతలు పడేవి, బడిలో నిద్రపోతున్నడమ్మా అని పంతులు రెండు మూడుసార్లు చెప్పి పంపాడు, రాత్రి సరిగ్గా పడుకోడు సారూ అని నేను చెప్పి పంపాను. నిజమే అనుకుని చెప్పాను.

ఇక్కడికి తెచ్చిన రోజు ఆ డాక్టరమ్మే వాణ్ణి చూసింది. కోస్తా జిల్లాల మాట ఆమెది, మెత్తగా, ఒక్కొక్క మాటా విడదీసి అడుగుతుంది. అబ్బాయికి మందు అలవాటు ఏమైనా ఉందా అని అడిగింది. లేదమ్మా అన్నాను. గుట్కా? లేదు. గంజాయి? ఛీ, లేదు. పిల్లలు గుడ్డలో పోసుకుని పీలుస్తారే, ఆ తెల్ల మందు? అదేందో గూడ మాకు తెల్వదు తల్లీ అన్నాను. అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. మందు అంటే బ్రాందీ, విస్కీ, గుడుంబా, అవి మా ఇంట్లో ఎవరూ ముట్టరు, లస్మయ్య కూడా ముట్టడు, అందుకే గదా నేను ఆ మాట అంత తల ఎత్తి చెప్పాను, దొంగతనానికి దొరికిన కొడుకు గురించి ఆ రోజు నేను తల ఎత్తి చెప్పగలిగింది అదొక్కటే. భూమేశ్ నా వైపు చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. నేను కొంగు సర్దుకుంటూ ఉన్నాను, వాడు అనలేదు. ఆ చూపు ఇప్పుడు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వస్తోంది, అప్పుడు చూడనిది ఇప్పుడు ఎంత చూసి ఏం లాభం.

కల్లు సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అడిగితే మాత్రం అలవాటు అని చెప్పేదాన్నా, అన్నం అలవాటు ఉందా అని అడిగితే ఉందని చెప్తామా ఎవరమైనా. పుడితే కల్లు, పెండ్లయితే కల్లు, చస్తే కల్లు, చుట్టం వస్తే నీళ్ల కంటే ముందు కల్లు. భూమేశ్ కడుపులో నుంచి పడిన నెలకే నేను నాట్లకు పోయాను, మా అత్త ముత్తవ్వ వాణ్ణి చూసుకునేది. చీరె ఉయ్యాలలో గుక్కపట్టి ఏడిస్తే కొంగు చివర కల్లులో ముంచి పెదవులకు రాసేది, వాడు చప్పరించి చప్పరించి నిద్రపోయేవాడు, నేను మడిలో నుంచి వచ్చేసరికి ఇల్లు ఎంత సప్పుడు లేకుండా ఉండేదో. బంగారు బిడ్డ, అవ్వను సతాయించడు అని వాడలో అందరికీ చెప్పుకున్నాను. నడక వచ్చాక అవ్వ వేలు పట్టుకుని కల్లు దుకాణానికి పోయేవాడు, అవ్వ సీసాలో అడుగున మిగిలింది వాడిది. మీసం వచ్చేసరికి సీసా వాడిదే అయింది. ఎప్పుడు అయిందో ఎవరూ చూడలేదు, పిల్లవాడు ఎత్తు పెరగడం ఇంట్లో వాళ్లకు తెలియదు చూడండి, అలాగ.

కల్లు మారిందని మాత్రం అందరికీ తెలుసు. చెట్లు తగ్గాయి, దుకాణంలో సీసాలు తగ్గలేదు. చెట్టు కల్లు వేరు, ఈ మందు కల్లు వేరు అని ముత్తవ్వే అనేది, ఆమె కాలంలో ఎంత తాగినా పొద్దున లేచి పనికి పోయేవారట. ఏదో పొడి కలుపుతారని చెప్పుకునేవాళ్లం, చెప్పుకుంటూనే తాగేవాళ్లం. ఒకసారి ఎక్సైజు వాళ్లు దుకాణం మీద దాడి చేసి మూసేశారు. మొదటిరోజు ఊళ్లో కొట్లాటలు. ఆ తర్వాత ముత్తవ్వ మెడ ఒక పక్కకు వంకర పోయింది, ఎప్పుడో చచ్చిపోయిన చెల్లెలితో కూర్చుని మాట్లాడింది, పక్కింట్లో పెద్దమనిషి వాకిట్లో పడి కొట్టుకున్నాడు. గాలి సోకిందని నిమ్మకాయలు కోశాం. దుకాణం మళ్లీ తెరిచారు, ముత్తవ్వకు ఒక సీసా పట్టాక మెడ దానంతట అదే తిరిగింది, పొయ్యి దగ్గరికి పోయి కూర ఏం వండినవే అని నన్ను అడిగింది. అందరం నవ్వుకున్నాం. లింబాద్రి సారు ఫోన్లో చేతులు కాళ్లు కొట్టుకుంటున్నడు అన్నప్పుడు నాకు ముత్తవ్వ మెడ గుర్తుకొచ్చింది, అందుకే ఈ క్యాను. ఒక్క గుక్క పోతే వాడి పానం కుదుటపడుతుంది. కానీ ఇక్కడ కూర్చున్న తర్వాత ఇంకో ఆలోచన వచ్చి నన్ను తినేస్తోంది. డాక్టరమ్మ కంటే ముందు నేను తాగిపిస్తే, ఆమె వచ్చేసరికి వాడు బాగుంటాడు, చేతులు వణకవు, మాట సక్కగా వస్తుంది, అప్పుడు లింబాద్రి సారు చెప్పిందే నిజమవుతుంది, ఇదంతా యాక్టింగే అని. నేను పోయాక మళ్లీ మొదలవుతుంది. తాగిపించకపోతే, ఈ గంటలోనే ఆ తలుపు వెనక వాడికి ఏదన్నా అయితే. కడుపున కన్నదాన్ని, రెండడుగుల దూరంలో, ఒళ్లో కల్లు పెట్టుకుని కూర్చున్నానని తర్వాత ఎవరికి చెప్పుకోను. మరి చెప్పేద్దామా అంటే, చెప్తే తాగుబోతు అని రాస్తారు, దొంగ అన్నది చాలదా వాడికి.

బల్ల అవతలి చివర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, పేరు రూత్ అని లోపలికి పిలిచినప్పుడు విన్నాను, మనుమణ్ణి చూసి వచ్చి ఆగింది, పెద్దకొడప్‌గల్ పోవడానికి ఆటో నిండాలట. నేను మూత వదులు చేయబోతే నా వేళ్లు మూత మీద నిలవలేదు. టకటకమని చప్పుడైంది, ఆమె తిరిగి చూసింది, ముక్కు ఎగబీల్చింది, నవ్వింది.

"మజ్జిగనా బిడ్డా?"

"మజ్జిగే అవ్వా."

"మస్తు పులిసినట్టున్నది. చెయ్యేంది గట్ల వణుకుతున్నది?"

"భయం అవ్వా. చిన్నప్పటి సంది నాకు భయం ఎక్కువ."

"భయం గాదు గియం గాదు. పొద్దుగాల కల్లు వడలే నీకు. మా ముసలాయనకు గిట్లనే, కల్లు వడేదాక ప్రభువా ప్రభువా అంటడు, వడ్డదంటే ప్రభువును గూడ గుర్తువట్టడు."

నవ్వి ఊరుకుంది, ఆటోవాడు కేకేస్తే లేచి పోయింది. నాకు నవ్వు రాలేదు. నా చెయ్యి నా ముందు ఉంది, నాది కానట్టు. నిన్న మధ్యాహ్నం తాగిందే. పొద్దున్నే పోవాలన్న తొందరలో రాత్రి తాగలేదు, తెల్లారి బయలుదేరాను. చెమట పడుతోంది, గుండె దడదడ కొట్టుకుంటోంది, తెల్లగుడ్డ, మడతపడిన నాలుక, తలుపు వెనక నుంచి వచ్చే మనిషి, ఇవన్నీ పొద్దున్నుంచి వస్తూనే ఉన్నాయి. రోజూ వస్తాయి. నేను బీడీలు చేస్తాను. పొద్దున చుట్టినవి వదులుగా వస్తాయి, దారం బిగియదు, కార్ఖానాలో సగం తీసి పారేస్తారు, నాకు పొద్దుటి పూట చేతులు రావు అని నేనే అందరికీ చెప్పుకుంటాను. మధ్యాహ్నం అన్నం పెట్టుకునే ముందు సీసాలో నుంచి ఒకటిన్నర గ్లాసు కడుపులో పడ్డాక చేతులు వస్తాయి. అప్పుడు చుట్టినవి ఒక్కటి కూడా వదులు కాదు, మా వాడలో నా అంత గట్టిగా చుట్టేవాళ్లు లేరు. పొద్దున ఇల్లు అంటుకుంటుందని భయం, మధ్యాహ్నం ఇంటి మీద పిడుగు పడ్డా చూద్దాంలే అనిపిస్తుంది. ఇన్నేళ్లూ నేను దాన్ని నా గుణం అనుకున్నాను. నా తల్లి కూడా ఇట్లనే భయపడేదని, ఆమె నుంచే వచ్చిందని అనుకున్నాను. ఆమె ఏ పూట భయపడేదో ఎప్పుడైనా చూశానా. లస్మయ్య పొద్దున పూట ఫోన్ చేస్తాడు కాబట్టి ఆయనకు తెలిసిన భార్య పిరికిది, సాయంత్రం చేస్తే ఇంకో ఆడదాన్ని చూసేవాడు. ఏది నేను. రెండింటిలో ఏది నేనో నాకే తెలియకుండా కొడుకును కన్నాను, పెంచాను, వాడికి అలవాట్లేమీ లేవని ఒక డాక్టరుకు చెప్పి వచ్చాను. ఆ ఒక్క మాట నమ్మి ఆమె వాడికి ఏ వైద్యమూ చేయలేదు, చేయడానికి ఏముందని. వారం రోజులుగా నా బిడ్డ ఆ గోడల మధ్యన ఒక్కడే కొట్టుకున్నాడు, దయ్యమని కొందరు, దొంగ ఏడుపని కొందరు. వాడికైనా తెలుసా, ఇది ఏందో. ముత్తవ్వ మెడ చూసి నవ్వినప్పుడు వాడూ నా పక్కనే నవ్వాడు.

పిలిచారు. గోడ పట్టుకుని లేచాను. లోపల చిన్న గది, డాక్టరమ్మ టేబుల్ వెనక ఉంది, లింబాద్రి సారు నిలబడి ఉన్నాడు. భూమేశ్ ఇంకా రాలేదు. ఆమె నా మొహం చూసి కూర్చోమంది, నేను కూర్చోలేదు, కూర్చుంటే మాట పోతుందనిపించింది. సంచి కింద పెట్టి రెండు చేతులూ ఆమె ముందుకు చాపాను. పది వేళ్లూ దేనికవే ఆడుతున్నాయి.

"మందు లేదన్న గని, కల్లున్నదమ్మా. ఉయ్యాల్ల ఉన్నప్పటి సంది తాగుతడు. మేమే తాగిపిచ్చినం. నేను నిన్న తాగిన, రాత్రి తాగలే, చూడుండ్రి నాకు గూడ ఎట్లయితున్నదో. పిల్లగాడు యాక్టింగ్ చేస్తలేడు."

ఆమె నా చేతుల వంక చూసింది. కల్లా, అంది మెల్లగా, తనను తాను తిట్టుకున్నట్టు. లింబాద్రి సారు కలగజేసుకున్నాడు, కల్లేంది మేడం, అది మందేం గాదు గదా, నేను గూడ తాగుత అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి, మీరు కూడా ఒక్కసారిగా మానకండి, నన్ను కలిసి వెళ్లండి అంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత ఆమె నాకు అర్థమయ్యేట్టు చెప్పింది, ఆ కల్లులో కలిపేది నిద్రమాత్రల పొడి అని, ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు ఇలా తిరగబడుతుందని, ప్రాణం మీదికి కూడా వస్తుందని, మాత్రలిచ్చి రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గించాలని, పిచ్చి దవాఖాన కాదు, ఇక్కడి దవాఖానలోనే ఇవాళే పడక ఇప్పిస్తానని. కేసు సంగతి కేసుదే, వైద్యం సంగతి వైద్యానిదే అంది. ఎన్ని రోజులు పడుతుందమ్మా అంటే చెప్పలేనంది. బాగవుతాడా అంటే, ముందే తెలిస్తే ఇంత బాధ పడేవాడు కాదు అంది. నన్ను అనలేదు, తననే అనుకున్నట్టుంది, నాకు మాత్రం ఆ మాట నా మీదే పడింది, పడ్డ చోటనే ఉంటుంది ఇక. ప్రాణం మీదికి కూడా అని ఆమె అన్నాక నేను ఆ మాట కంటే ముందుకు పోలేకపోయాను. క్యాను సంగతి కూడా చెప్పేశాను, ఆమె దాన్ని మూత తీయకుండా పక్కన పెట్టించింది.

భూమేశ్‌ను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. బల్ల మీద కూర్చోబెట్టారు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు, పెదవి మీద కాటు ఎండి నల్లగా ఉంది. నన్ను గుర్తుపట్టాడు, కానీ ముందు నా సంచి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. తెచ్చినవా అని అడగలేదు. అడుగుతాడని ఎంత భయపడ్డానో, అడగకపోతే అంతకంటే భయమేసింది. చూపు తిప్పి నా వెనక గోడకేసి చూస్తూ ఉండిపోయాడు, కొత్తగా సున్నం వేసిన తెల్ల గోడ, దాని మీద ఏమీ లేదు. అమ్మా అన్నాడు, గొంతు ముసలోడి గొంతులా ఉంది.

"అమ్మా, గోడ మీదికెళ్లి చీమలు దిగుతున్నయి. వీళ్లెవ్వలకు కనవడ్తలేవట. నీకు కనవడుతున్నయా?"

లింబాద్రి సారు కిందికి చూస్తున్నాడు. నేను తిరిగి ఆ గోడను చూశాను, వాడు చూస్తున్న చోటే, పైనుంచి కింది దాకా, తొందరపడకుండా చూశాను. కనిపిస్తున్నాయని చెప్తే వాడికి ఊరట, కానీ అబద్ధం, మళ్లీ ఇంకో అబద్ధం నా నోటి నుంచి ఈ గదిలో వద్దు. లేవని చెప్తే మిగతా అందరిలో నేనూ ఒకతెను.

"ఇంకా కనవడ్తలేవు కొడుకా" అన్నాను. "నేను నిన్నటి సందే గదా తాగంది."

వాడు నా చేతుల వైపు చూశాడు. వేళ్లు ఆడుతుంటే చూశాడు, బల్ల మీద ఒక పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.